ఆకాశమంతా విన్న నా సణుగుడు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో బస్సు దిగిన వయసుపిల్లని 'మీదే ఊరు?' అని ఎవరూ అడిగేవారు కాదు, 'ఏ కోర్సు?' అనే అడిగేవారు. ఊరంతా కంప్యూటర్ల వెంట పరుగెడుతుంటే నేను మాత్రం కాకినాడ నుంచి వచ్చి, బేగంపేట విమానాశ్రయం పక్కనున్న ఓ పైలట్ శిక్షణ స్కూల్లో చేరాను. ఇది మా హాస్టల్ ఆంటీకి చివరిదాకా అర్థం కాలేదు. "విమానాల సాఫ్ట్‌వేరా అమ్మా? దానికి డిమాండ్ బాగుందా?" అనేది. (బాగుందనే చెప్పేదాన్ని.)

విమానం నడపడం కంటే, ఎప్పుడు కదలాలో ఎప్పుడు ఆగాలో చెప్పే విమానాశ్రయం టవర్‌తో రేడియోలో మాట్లాడటమే నాకు భయం. వాళ్ళు చెప్పింది పొల్లుపోకుండా తిరిగి అప్పజెప్పాలి. అందుకని సాయంత్రాలు మా వరంగల్ రూమ్మేట్ మంచమెక్కి టవర్ అయ్యేది, నేను ప్లాస్టిక్ కుర్చీలో విమానమయ్యేదాన్ని. "గా బాత్రూమ్ కాడ జర ఆగు. నేను చెప్పినంకనే ముందుకు పో" అనేది. "బాత్రూమ్ దగ్గర ఆగుతున్నాను, మీరు చెప్పాకే ముందుకు" అనేదాన్ని నేను. మా పక్క గది అమ్మాయిలు ఇది ఏ కోర్సో కనుక్కుని, అందులో మాత్రం చేరకూడదని తీర్మానించుకున్నారు.

ఒకరోజు మా మీసాల సార్ (శిక్షణ ఇచ్చేది ఆయనే) విమానంలోంచి దిగిపోయి, "ఇయ్యాల ఒక్కదానివే నడుపు. ఎగురుడు లేదు. నేల మీదనే రన్‌వే ముందున్న గీత దాకా పోయి, టవర్ చెప్పినంక మర్లి రా. ఫికర్ చెయ్యకు" అన్నారు. ఆయన ఫికర్ చెయ్యకు అనగానే నాకు ఫికర్ మొదలైంది. అయినా వెళ్ళాను. గీత దగ్గర ఆగమని టవర్ చెప్పింది. స్టీరింగ్ మీదున్న రేడియో బటన్ నొక్కి, తప్పు లేకుండా అప్పజెప్పి, వదిలేశాను.

ఆ బటన్ సంగతి చెప్పాలి. నొక్కితే మన మాట అందరికీ వినిపిస్తుంది, వదిలితే వాళ్ళ మాట మనకి వినిపిస్తుంది. ఒకరు నొక్కి పట్టుకుంటే ఇంకెవరూ మాట్లాడటానికి వీల్లేదు. నేనైతే వదిలాను గానీ అది పైకి రాలేదు, లోపలే ఇరుక్కుపోయింది. నాకేం తెలుసు? చెవిలో హాయిగా నిశ్శబ్దం.

"అబ్బ, గండం గడిచింది! వినాయకా, నీకు కొబ్బరికాయ" అన్నాను. ఒంటరిగా ఉంటే పైకి మాట్లాడుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. "ఈ టవరాయన గొంతెంత బాగుందో! పెళ్లయ్యే ఉంటుందిలే. అలాంటి గొంతుని ఇన్నాళ్ళు ఎవరు ఖాళీగా ఉంచుతారు? మా సారుకి ఆ మీసం తీసేస్తే పిల్లి కూడా భయపడదు." ఇంతలో దిగడానికి వచ్చిన పెద్ద ప్రయాణికుల విమానం ఒకటి, దిగకుండానే నా ముందు నుంచి గర్జిస్తూ మళ్ళీ పైకి లేచిపోయింది. "అయ్యో, ఏమైంది ఈయనకి? ఇంత రన్‌వే కనబడలేదా? డ్రైవింగ్ ఎక్కడ నేర్చుకున్నాడో!" అని జాలిపడ్డాను.

అప్పుడు టవర్ మీంచి ఎర్రదీపం నా మీదికి తిరిగింది. ఎర్రదీపమంటే ఆగమని. "ఆగే ఉన్నాను కదా, ఇంకేం ఆగను?" అంటుండగానే జీపొకటి దూసుకొచ్చింది. అందులోంచి మా సార్ ఇంజన్ ఆపమని చేతులూపుతూ దూకారు. ఆపాను. ఆయన తలుపు లాగి, ఆ బటన్‌ని గోటితో పైకి పీకారు. టక్కుమంది. అంతే, ఇంగ్లీషు తప్ప వినపడకూడని రేడియోలో, పైనున్న ఆ విమానం కెప్టెన్ గొంతు తేట తెలుగులో పలికింది: "రన్‌వే బాగానే కనిపిస్తోందమ్మా. ఇప్పుడు దిగమంటారా?"

అప్పటికి గానీ నాకు వెలగలేదు. అంటే కొబ్బరికాయా, పెళ్ళీ, మీసమూ కూడా... సార్ వైపు చూశాను. ఆయన చెయ్యి మీసం మీదికి వెళ్ళింది. "టవర్లకు రమ్మంటున్నరు, నడువు" అన్నారంతే.

ఇక పెట్టె సర్దుకోవడమే అనుకుంటూ మెట్లెక్కాను. ఆ బంగారు గొంతు మనిషి తల ముగ్గుబుట్టలా ఉంది. "కూర్చోమ్మా. పెళ్లయింది, మనవలు కూడా ఉన్నారు" అన్నాడాయన మొదటే. గదిలో అందరూ నవ్వాపుకుంటూ గోడల వైపు తిరిగారు. ఆయన మాత్రం నవ్వలేదు. "బటన్ ఇరుక్కుంటే నీ తప్పు కాదు. కానీ దిగమని చెప్పడానికి నాకు దారి లేకపోయింది. ఆ విమానం నిండా జనం. చెవిలో మరీ నిశ్శబ్దంగా ఉంటే ముందు నీ బటన్ చూసుకో" అన్నాడు. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆయనే టీ తెప్పించాడు. నన్ను ఇంటికి పంపలేదు, బటన్‌నే మార్చారు.

సాయంత్రం పంజాగుట్టలో ఇరానీ హోటల్లో కూర్చుని జరిగిందంతా చెబితే మా రూమ్మేట్ నోట్లో ఉస్మానియా బిస్కెట్ అలాగే ఆగిపోయింది. "ఏందే, గాలిల ఉన్నోళ్ళందరు విన్నరా? పెళ్లి ముచ్చట సుత?" అంది. తలూపాను. "మస్తుగుంది పో! మా కోర్సుల గిట్ల ఒక్కటన్న జరగదు" అని నిజంగానే బాధపడింది.

ఇప్పుడు నేనూ పెద్ద విమానాలు నడుపుతున్నాను. రేడియోలో అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడను. "ఇంట్లో కూడా అలాగేనా?" అని మావాళ్ళు విసుక్కుంటారు. నిజమే. ఎవరు వింటున్నారో తెలియక, మనసులో ఉన్నదంతా ఆకాశానికి ధారపోసిన ఆ పిల్ల గొంతు ఒక్కసారి వినాలని నాకూ ఉంటుంది.