నాన్న పడవలోంచి వచ్చిన గది

మా ఊరి పొలాల అవతల రైలు నడవడం మొదలుపెట్టిన ఏడాదే నాకు బళ్ళో అసిస్టెంటు మాస్టరు పని దొరికింది. రైలు వల్ల నాన్న పడవ ఆగిపోయింది. ఉద్యోగం వల్ల నాకు ఇంట్లో ఒక గది కావలసి వచ్చింది.

మాది కాలువ గట్టు మీద తాటాకు ఇల్లు. లోపల ఒక పెద్ద గది, వెనక వంటిల్లు, పక్కన మట్టిగోడలు పెట్టిన వసారా. వసారాలో చిరిగిన తెరచాపలు, విరిగిన తెడ్లు, ఎప్పటివో వలలు ఉండేవి. నాన్న ధవళేశ్వరం లాకుల దగ్గర నుంచి మండపేట వైపు జనాన్ని చేరవేసే పడవకు సరంగు. పడవ మా సొంతం, తాత చేయించినది. గాలి ఉంటే తెరచాప ఎత్తేవారు. గాలి లేనప్పుడు ఇద్దరు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడు పట్టి లాగేవారు. నాన్న చుక్కాని దగ్గర కూర్చునేవాడు. నా చిన్నతనమంతా ఆయన ఇంటికి చుట్టంలా వచ్చిపోయేవాడు. వచ్చినా గట్టిగా నాలుగు మాటలు మాట్లాడేవాడు కాదు. అన్నం తిని, అమ్మ మూట కట్టిన ఊరగాయ చంకన పెట్టుకుని, మళ్ళీ పడవెక్కేవాడు.

రైలు వచ్చాక ముందుగా కోర్టు వ్యాజ్యాల మీద తిరిగేవాళ్ళు మానేశారు. తరవాత పెళ్ళివారు. ఆఖరికి కొబ్బరికాయల వాళ్ళు కూడా బండి కట్టుకుని స్టేషనుకే పోవడం మొదలుపెట్టారు. కొన్నాళ్ళు ఖాళీ పడవనే నడిపాడు నాన్న. తాడు లాగేవాళ్ళు వేరే పనులు చూసుకున్నారు. ఆ వేసవిలో కాలువ కట్టేసి నీళ్ళు తగ్గినప్పుడు పడవ మా ఇంటి ఎదుట బురదలో ఒక పక్కకు ఒరిగి నిలబడిపోయింది. మళ్ళీ నీళ్ళు వదిలినా నాన్న దాన్ని కదపలేదు. పగలంతా అందులోనే కూర్చునేవాడు, రాత్రి పడకా అందులోనే.

నేను పగలు బళ్ళో పాఠాలు చెప్పి, సాయంత్రం ట్రైనింగు పరీక్షకు చదువుకునేవాణ్ణి. కూర్చోవడానికి చోటు లేక చాప మీద బోర్లా పడుకుని రాసుకునేవాణ్ణి. ఒకరోజు అమ్మ చేపల గంప దించి నన్ను చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“మేష్టరు నేల మీద పాకుతా రాసుకుంటే పిల్లలేం నేర్చుకుంటారురా? వసారా ఖాళీ చేసి గది చేద్దాం. నీకూ ఒక మంచం, ఒక కుర్చీ ఉండాలా వద్దా?”

“కొత్త సామాను ఇప్పుడెక్కడ నుంచి వస్తుందమ్మా?”

“కొత్తదెందుకు? ఇల్లంతా సామానే. చూసేవాళ్ళు లేక మూలన పడుంది.”

ఆ మాట అంటూ ఆవిడ చూసింది ఇంటివైపు కాదు, కాలువలో ఉన్న పడవవైపు. అప్పటికే ఒక ఇటుకబట్టీ ఆసామి పడవ చెక్క కోసం రెండుసార్లు వచ్చి వెళ్ళాడు. నాన్న అవుననలేదు, కాదనలేదు.

మర్నాడు పొద్దున్న అమ్మ గంజి తీసుకుని పడవ దగ్గరికి వెళ్ళింది. వెనకాల నేనూ వెళ్ళాను.

“మావా, అడుగు చెక్క పుచ్చిపోయింది. ఈ వానలకి ఆగదు. బట్టీవాడు అడిగింది ఇచ్చెయ్యి. కానీ కప్పు కింద సామాను మాత్రం ఇంటికి తెచ్చుకుందాం. నీ బల్ల, కిటికీ తలుపులు, లాంతరు. అబ్బాయికి గది చేస్తాను.”

నాన్న గంజి గిన్నె పక్కన పెట్టాడు.

“పడవ సామాను ఇంట్లో పెట్టుకోవడమేంటే? చచ్చినోడి గుడ్డలు కట్టుకున్నట్టుంటాది.”

“మరి నీ చేతికున్న కడియం ఎవరిది?”

అది తాత కడియం. తాత పోయిన రోజు నుంచీ నాన్న దాన్ని తీయలేదు. నాన్న దానివైపు ఒకసారి చూసుకుని గంజి తాగాడు. గిన్నె అమ్మ చేతికిచ్చి, “నేనుండగా మాత్రం విప్పకండి,” అన్నాడు. అదే ఒప్పుకోలు అనుకుంది అమ్మ.

నాన్న ఊళ్ళోకి వెళ్ళిన పూట వడ్రంగిని పిలిపించాం. ఆయన మా పడవకు చాలాసార్లు మరమ్మత్తు చేసినవాడే. మేం ముగ్గురం కలిసి ముందుగా కిటికీ తలుపులు దించాం. సన్నటి పలకలు ఏటవాలుగా పేర్చిన తలుపులవి. మధ్యలో ఉన్న పుల్ల పైకి నెడితే పలకలన్నీ ఒక్కసారి తెరుచుకునేవి, కిందికి లాగితే మూసుకునేవి. తరవాత బల్ల. అది సరంగు పడుకునే బల్ల, బర్మా దేశపు రంగం నుంచి వచ్చిన టేకు. పడవ ఒరిగినప్పుడు మనిషి దొర్లి పడకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తున అంచు ఉండేది. ఏళ్ళ తరబడి నాన్న వీపు తగిలి నడుమ చెక్క నున్నగా, కాస్త పల్లంగా అయింది. దాన్ని గట్టు మీదికి మోసుకొచ్చేసరికి ముగ్గురికీ ఆయాసం వచ్చింది.

తీరా తెస్తే వసారా గుమ్మంలో పట్టలేదు. నిలబెట్టి చూశాం, పడుకోబెట్టి చూశాం. వడ్రంగి చెమట తుడుచుకున్నాడు.

“ఓ పక్క అంచు కోసేస్తే దూరిపోద్దండి. గదిలో అలలేం రావు కదండీ.”

“కోసెయ్యి మరి,” అంది అమ్మ.

రంపం చెక్క మీద పెట్టాడో లేదో, గట్టు మీద నుంచి కేక వినిపించింది. నాన్న. ఊళ్ళోకి వెళ్ళినవాడు ఎప్పుడు తిరిగొచ్చాడో, ఎంతసేపటి నుంచి చెట్టు చాటున నిలబడి చూస్తున్నాడో మాకు తెలియదు. తలపాగా జారిపోతున్నా పట్టించుకోకుండా పరిగెత్తుకొచ్చి రంపం పట్టుకున్నాడు.

“ఆపు! కొయ్యకు!”

“గుమ్మంలో పట్టట్లేదు బాబూ.”

“అయితే గోడ కొట్టు. గోడ మట్టిది, రేపు మళ్ళీ పెట్టుకుంటాం. ఈ బల్ల మళ్ళీ ఎవరు చేస్తారు?”

“ఆయ్, మీరెలాగంటే అలాగేనండి.”

నాన్నే గునపం తీసుకుని వసారా గోడకు పెద్ద కంత చేశాడు. వడ్రంగిని ఒక కొస పట్టుకోమని, రెండో కొస తనే ఎత్తుకుని బల్లను లోపలికి చేర్చాడు. నన్ను చెయ్యి వెయ్యనివ్వలేదు. దించాక, “తల ఉత్తరానికి రాకుండా చూడండి,” అని మాత్రం చెప్పి, చేతులకంటిన మట్టి దులుపుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అర్థం కాలేదు.

ఆ కంతలోనే కిటికీ తలుపులు బిగిద్దామన్న ఆలోచన నాది. వడ్రంగి చుట్టూ చట్రం కట్టాడు. మిగతా మేర అమ్మ బంకమట్టి, పొట్టు కలిపి మెత్తింది. గది కాలువ మీదికి తెరుచుకుంది. అప్పటిదాకా మా ఇంట్లో ఏ గదికీ కిటికీ లేదు.

ఆ తరవాత వారమంతా గది సర్దడమే పని. సున్నంలో చిటికెడు నీలిమందు కలిపి గోడలకు వేశాం. అమ్మ కాపురానికొచ్చినప్పుడు తెచ్చుకున్న కావిడిపెట్టెలో అంతవరకూ కందిపప్పు, ఎండు మిరపకాయలు ఉండేవి. దాన్ని కడిగి ఎండబెట్టి నా పుస్తకాలకిచ్చింది. ఎన్ని రోజులు ఎండబెట్టినా మిరపఘాటు పోలేదు. లెక్కల పుస్తకం తెరిచినప్పుడల్లా తుమ్ము వచ్చేది. తెరచాప తాళ్ళు కట్టే కొయ్యలు గోడకు చిలకకొయ్యలయ్యాయి. నా చొక్కా, ఉత్తరీయం వాటికే తగిలించేవాణ్ణి. ఒక పాత తెరచాపలో బాగున్న ముక్క చూసి కత్తిరించి అమ్మ బల్ల మీదికి పరుపు కుట్టింది. లోపల బూరుగుదూది. నాయనమ్మ పెరుగు చిలికిన స్తంభం ఒకటి పెరట్లో పడి ఉంటే, దాని మీద పలక కొట్టించి దీపం పెట్టుకునే బల్ల చేయించింది. అన్నీ పాతవే. ఒకదానికొకటి పోలిక లేదు. అయినా అన్నీ ఒక ఇంటివేనని చూడగానే తెలిసేది.

కుర్చీ సంగతి వేరు. అది మాది కాదు. రాజమండ్రిలో ప్లీడరు గారొకాయన నెలనెలా మా పడవలో వెళ్ళేవారు. నేల మీద కూర్చోలేక సొంత పేము కుర్చీ తెచ్చుకుని, తిరిగి మోసుకెళ్ళడం దండగని పడవలోనే వదిలేశారు. “ఉంచు సరంగూ, వచ్చినప్పుడల్లా కూర్చుంటాను,” అనేవారట. రైలు వచ్చాక ఆయన మళ్ళీ రాలేదు. పేము రెండుచోట్ల తెగింది. నేను నులక అల్లి దాన్ని బాగుచేసుకున్నాను.

“ఆయనొచ్చి అడిగితే?” అన్నాను అమ్మతో.

“వస్తే కూర్చోబెడదాం. అంతవరకూ నువ్వు కూర్చో.”

గది పూర్తయిన సాయంత్రం నేను లోపల కూర్చుని చుట్టూ చూసుకున్నాను. పడవ చెక్కకు పట్టించిన గుగ్గిలం వాసన, సున్నం వాసన, మిరపకాయల ఘాటు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా పడవ కనిపించింది. కిటికీలు పోయి పళ్ళూడిన నోరులా ఉంది. మరుసటి వారమే బట్టీవాళ్ళు వచ్చి దాన్ని విప్పుకుపోయారు. నాన్న ఆ రోజు ఇంట్లో లేడు. ఎక్కడికి వెళ్ళాడో ఎవరమూ అడగలేదు.

పడవ పోయాక నాన్నకు నిద్ర లేదు. చాప పరిస్తే నేల బిగుసుకున్నట్టుందనేవాడు. నులకమంచం వేస్తే ఉయ్యాలలో ఉన్నట్టుందనేవాడు. అరుగు మీద, గట్టు మీద, వంటింటి గుమ్మంలో, రోజుకో చోట పడుకుని లేచేవాడు. కళ్ళు గుంటలు పడ్డాయి. నా గదివైపు మాత్రం రాలేదు. “బల్ల మీద పడుకో నాన్నా,” అని నేనంటే, “మేష్టరి గది అది,” అని తల తిప్పుకునేవాడు. ఆ మాటలో కోపం ఉందో గౌరవం ఉందో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

శ్రావణ మాసంలో ఒక మధ్యాహ్నం ముసురు పట్టి బడి తొందరగా విడిచిపెట్టాం. నేను తడుస్తూ ఇంటికొచ్చేసరికి అమ్మ వాకిట్లోనే ఎదురై నోటి మీద వేలు పెట్టింది.

“అడుగుల చప్పుడు చెయ్యకు.”

గుమ్మంలోంచి చూశాను. నాన్న బల్ల మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతున్నాడు. కిటికీ పలకలు సగం తెరిచి ఉన్నాయి. వాన వెలుగు సన్నని గీతలుగా ఆయన గుండెల మీద పడుతోంది. ఒక చెయ్యి బల్ల అంచును పట్టుకుని ఉంది.

“కిటికీ తలుపు జారుతోందంటే చూస్తానని వెళ్ళేడు,” అంది అమ్మ మెల్లగా. “పుల్ల పైకి నెట్టేడు. కాలవకేసి చూసేడు. కూర్చున్నాడు. మరింక చప్పుడు లేదు.”

నేను వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చుని తడిసిన బట్టలు ఆరబెట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళకు లేచాడు నాన్న. సిగ్గుపడుతున్నట్టు నావైపు చూసి, “నీ గది బాగుందిరా అబ్బాయ్. గాలాడతంది,” అన్నాడు.

అప్పటి నుంచి మాటల్లో చెప్పుకోకుండానే ఒక ఏర్పాటు కుదిరింది. మధ్యాహ్నాలు గది ఆయనది, రాత్రిళ్ళు నాది. నిద్ర పట్టడంతో మనిషి తేరుకున్నాడు. మరుసటి ఏడు లాకుల దగ్గర పడవల తాళ్ళు అందుకునే పని ఒకటి చూసుకుని, పొద్దుటి పూట వెళ్ళొచ్చేవాడు. సెలవు రోజుల్లో ఆయన బల్ల మీద, నేను కుర్చీలో. నాన్న మాట్లాడటం మొదలుపెట్టింది అప్పుడే. పడవలో కాన్పు అయిన మనిషి సంగతి, తగువులాడుకుని చెరో కొసన కూర్చుని, దిగేవేళకు వియ్యంకులైన ఇద్దరు ఆసాముల సంగతి, గాలివానలో మిరపబస్తాలు నీటిపాలైతే కాలువంతా ఎర్రబడిన సంగతి. ఇన్నేళ్ళు ఇంట్లో మౌనంగా ఉన్న మనిషి పడవలో ఇలా ఉండేవాడా అనిపించేది. ప్లీడరు గారి కుర్చీలో మాత్రం ఎప్పుడూ కూర్చోలేదు. పరుపు దులిపినప్పుడు దాన్నీ ఒకసారి తుడిచేవాడు.

నేను ట్రైనింగు పరీక్ష గట్టెక్కాను. నా భార్య కాపురానికొచ్చాక గదిలో అద్దం ఒకటి చేరింది. నాన్నకు పెద్ద గదిలో చోటు చేశాం, బల్లతో సహా. ఈసారి గోడలు కొట్టాల్సిన పని పడలేదు. వడ్రంగి అంతకుముందే గుమ్మం వెడల్పు చేసి ఉంచాడు. చాలా ఏళ్ళు ఆయన దాని మీదే పడుకున్నాడు, చివరి జబ్బులో కూడా.

ఆ గది తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది మాత్రం నా పెళ్ళికి ముందు ఒక వాన మధ్యాహ్నం. నాన్న బల్ల మీద పడుకుని, అమ్మను కాపురానికి పడవలో తీసుకొచ్చిన రోజు గురించి చెబుతున్నాడు. ఆ వేళ మంచి వెన్నెల కాసిందట, అమ్మ పడవ ముందు కొసన కూర్చుని నీళ్ళలో చెయ్యి పెట్టి ఆడుకుందట.

వంటింట్లో అమ్మ చేప తోమడం ఆపింది.

“వెన్నెలెక్కడిదయ్యా? ఒకటే వాన. మా అన్న గొడుగు పట్టేడు. నేను లోపల ఈ బల్ల మీదే ముడుచుకు కూర్చున్నాను. దారంతా వాంతులు.”

“వాన మరో ఏడాదిది. నువ్వు పుట్టింటికెళ్ళొచ్చినప్పటిది.”

“నేను కాపురానికొచ్చిన రోజు నాకు తెలీదా?”

“చుక్కాని దగ్గరున్నది నేను. నాకు తెలీదా?”

ఇద్దరూ నావైపు తిరిగారు, నేనేదో తీర్పు చెబుతానన్నట్టు. నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. అమ్మ చేతి నిండా పొలుసులతోనే గుమ్మంలోకొచ్చి నిలబడి, ఆ రోజు ఏ చీర కట్టుకుందో, అది ఎక్కడ తడిసిందో మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది. నాన్న కళ్ళు మూసుకుని, మధ్యమధ్య కాదు కాదని తల అడ్డంగా ఊపుతూ, నవ్వుతూ విన్నాడు.