బొడ్రాయికి కాపలా

రామగుండం దగ్గర కార్ఖానాలకు జాగా వెతికిన ఆఫీసర్లకు రాయమల్లు ఊరు తెగ నచ్చింది. పక్కనే గోదావరి నీళ్లు, రైలు పట్టాలు, బొగ్గు గనులు. ఇంకేం కావాలి? అక్కడ జనం ఉన్నారన్న సంగతి వాళ్లకు పెద్ద అడ్డనిపించలేదు. డెబ్బై ఒకటిలో ఊరు లేచిపోయింది. కొత్త జాగాలకు చీటీలు తీశారు. పక్కపక్క ఇళ్లవాళ్లు తలో దిక్కున పడ్డారు. ఊరి నడుమ పాతి మొక్కే బొడ్రాయి మాత్రం కదల్లేదు. దాని చుట్టూ కార్ఖానా గోడ లేచింది.

రాయమల్లుకు పెళ్లాం పోయింది, పిల్లల్లేరు. ఊళ్లో అతనికి మిగిలిన గౌరవం ఒక్కటే. ఏటా వానలకు ముందు బొడ్రాయికి నీళ్లు పోసే రోజున ఒక్కో ఇంటిని పేరుపెట్టి పిలవడం అతని వంశం వంతు. "ఉన్నం!" అని పలికి ఆ ఇంటివాళ్లు బిందె కుమ్మరించేవాళ్లు. తన ఇంటిని తాను పిలుచుకోకూడదు గనక, అతని ఇంటిని పొరుగింటి సారక్క పిలిచేది. ఆ పిలుపు ఎక్కడ పోతుందోనని గనిలో ఇస్తామన్న పని వద్దనుకుని, అదే కార్ఖానా గేటు కాపలాకు చేరాడు. తాను లోపలుంటే ఊరు వస్తుందనుకున్నాడు, పిచ్చి మారాజు.

వచ్చింది కూడా. నీళ్లు పోసే రోజున సారక్క ముందు నడవగా అందరూ బిందెలెత్తుకుని వచ్చారు. అదే రోజు లోపల పెద్ద ఆఫీసర్లు తిరుగుతున్నారు.

"ఇయ్యాల పర్మిషన్ లేదక్కా. రేపు రాండ్రి," అన్నాడు రాయమల్లు.

"మన బొడ్రాయికాడికి పోనీకి మనకు పర్మిషనా? గేటు తియ్యి తమ్మీ."

"తీస్తే నా నౌకరి పోతది. నేను పోతే ఈడ బొడ్రాయిని చూసేదెవరక్కా?"

సారక్క అతని ఖాకీ చొక్కాను ఎగాదిగా చూసింది. "గట్లనా? నువ్వే చూస్కో మరి," అని బిందె గేటు ముందే కుమ్మరించి వెళ్లిపోయింది. ఊరూ ఆమె వెంటే పోయింది.

మరుసటి ఏడు ముందుగానే ఆఫీసరును బతిమాలి పర్మిషన్ తెచ్చుకున్నాడు. సైకిలు మీద కాలనీలన్నీ తిరిగి చెప్పాడు. "చూస్తం," అన్నారు. ఆ రోజు గేటు బార్లా తీసిపెట్టాడు. పొద్దు వాలినా ఎవరూ రాలేదు.

నల్లా నీళ్లు పట్టుకొచ్చి తానే ఒక్కో ఇంటిని పిలిచాడు. "ఉన్నం," అని తానే పలికి బిందె పోశాడు. సారక్క ఇంటి వంతు వచ్చేసరికి ఏడ్చాడు. చివరి బిందె తన ఇంటిది. దాన్ని ఎత్తుకుని గేటు వైపు చూస్తూ నిలబడ్డాడు. షిఫ్టు సైరన్ మోగేదాకా ఎవరూ పిలవలేదు. నిండు బిందె కింద పెట్టి, వెళ్లి గేటు మూశాడు.