గేటుకు అడ్డంగా నిలిపిన కారు

సూరత్‌లో మా జిల్లా నుంచి వచ్చిన ఇంజనీరు సారు ఒకరుండేవారు. కోపం వస్తే ఆయన గొంతు తగ్గిపోయేది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు, అక్కడే ఉధ్నాలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపే మా అన్నకు ఊపిరి ఆడడం లేదని నేను ఫోన్ చేస్తే, తన చిన్న కరెంటు కారులో వచ్చి మా ఇద్దరినీ ఎక్కించుకున్నారు.

ఆసుపత్రి గేటు దగ్గర నలుగురు కాపలావాళ్లు ఆపారు. అంబులెన్సులో వస్తేనే చేర్చుకుంటారట.

"పొద్దటి సంది ఫోన్ చేస్తనే ఉన్నం సారూ, అంబులెన్స్ వస్తలేదు," అన్నాను ఇంజనీరు సారుతో.

"అన్నను దింపు," అన్నారు సారు మెల్లగా. కారును గేటుకు అడ్డంగా నిలిపి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. తీయమని కాపలావాళ్లు అరిచారు.

"మీరే తీసుకోండి," అన్నారు హిందీలో.

తేలికైన కారు. నలుగురూ తిట్టుకుంటూ దాన్ని ఎత్తి పక్కకు జరపసాగారు. వాళ్ల చేతులు కారు మీద ఉండగానే, సారు అన్నను భుజాన వేసుకుని లోపలికి నడిచారు. లోపలున్న డాక్టరమ్మ ఒక్క మాట అడగకుండా ఆక్సిజన్ పెట్టించింది.

అన్న బతికాడు. నెల తర్వాత ఇద్దరం వెళ్లి సారుకు దండం పెట్టాం.

"మనిషిని దొంగసామాను లెక్క లోపలికి తీస్కపోవాల్సి వచ్చింది. దానికి దండమేంది? పోండి," అని మా మొహాల మీదే తలుపు వేశారు.