ఉదయగిరి కొండ మీద మంచు విడినప్పుడు

మా నాయన ఆత్మకూరులో హైస్కూలు పిల్లలకు సోషల్ చెప్పేవాడు. విజయనగర సైన్యం ఉదయగిరి కోటను ముట్టడించిన పాఠం వస్తే బల్ల మీద సుద్దముక్కలు పేర్చి బురుజులు కట్టి చూపించేవాడు. అన్నేళ్లుగా పాఠం చెప్తున్నా, కోటను కింద రోడ్డు మీంచి చూడటమే తప్ప ఒక్కసారీ కొండెక్కలేదు. తొంభైల మొదట్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, క్రిస్మస్ సెలవుల్లో అందరినీ తొలి బస్సుకు బయల్దేరదీశాడు: అమ్మను, చెల్లెల్ని, నన్ను, తన తల్లిని, అంటే మా అవ్వను.

అవ్వకు అరవై దాటాయి. "నువ్వు బస్టాండులో కూర్చోమా, మేం చూసొస్తాం" అన్నాడు నాయన.

"కూర్చునేదానికి ఇంత దూరం వచ్చినానా?" అంటూ అవ్వ చెప్పులు విప్పి చేత పట్టుకుంది.

దారి పొడుగునా నాయన చెప్తూనే ఉన్నాడు. సైన్యం ఎటునుంచి వచ్చింది, నీళ్లు ఎక్కడ ఆపింది, లోపలివాళ్లు ఎన్ని నెలలు తట్టుకున్నారు. మెట్లు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. కూలిన ద్వారం ఒకటి దాటి పైకి చేరేసరికి మంచు కమ్మింది. ముందు నడిచే చెల్లెలి ఎర్ర రిబ్బన్లు కూడా కనిపించడం మానేశాయి. నాయన దారి వెతుకుతానని రెండడుగులు వేశాడు.

"ఆగురా. ఉన్నకాడ్నే కూర్చోండి. మంచు పోయిందాకా ఎవరూ కాలు కదపబాకండి" అంది అవ్వ.

ఆ గొంతుకు ఎదురు చెప్పలేక అందరం కూలబడ్డాం. అమ్మ పెదవులు కదులుతున్నాయి. ప్రార్థన చేసుకుంటోందని తెలిసింది. ఎంతసేపు గడిచిందో గానీ, గాలి మళ్లింది. ముందు ఒక మినారు కొస తేలింది. తర్వాత దాని కింద మసీదు గోడలు, ఆ వెనక కొండ అంచు వెంబడే పాముల్లా సాగిపోయిన కోటగోడలు. ఎవరు మోశారో అన్ని రాళ్లు అంత ఎత్తుకు. ఇంకా కింద, ఊరి మిద్దెలు, మెరిసే చెరువులు, ఎండలో ఆరుతున్న భూమంతా.

మాకు నాలుగు బారల దూరంలో కొండ తెగిపోయి ఉంది. నాయన వెతకబోయింది అటే.

ఆయన గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరగడం నేను అదే మొదటిసారి చూశాను.

అవ్వ వైపు తిరిగి, "నీకెట్ట తెలుసుమా, ఇక్కడ కొండ తెగి ఉండాదని?" అన్నాడు.

"నా పుట్టిల్లు ఈ కొండ కిందే గదరా. పెళ్లికి ముందు పుల్లలకు రోజూ ఎక్కేవాళ్లం. అదో, ఆ బురుజులోనే సద్ది తినేది."

"ఈ కొండెక్కేదాన్నని ఒక్కనాడూ చెప్పలేదే?"

"నువ్వు అడగలా."

దిగేటప్పుడు నాయన అవ్వ వెనకే నడిచాడు. ఇదేంది, అదేంది అని పిల్లాడిలా అడుగుతూ, ఆమె చెప్పిన పేర్లన్నీ బస్సు టికెట్ వెనక రాసుకున్నాడు. ఒక బండ దగ్గర అవ్వ వంగి ఆకులు తోసింది. అడుగున దోసెడు తేట నీళ్లు. "వేసంగిలో కూడా ఎండవు" అని, ముందు తన కొడుక్కి దోసిట్లో పట్టి ఇచ్చింది.