కాలరు మీది ఎర్ర లైటు

జగ్గారావుది కంచరపాలెం. పదహారేళ్లుగా పోర్టు పక్కన ఓ ప్రైవేటు బొగ్గు యార్డులో కళాసీ. వేగన్లలో బొగ్గు నింపే చోట పార పట్టుకుని నిలబడాలి. దగ్గితే కళ్లె నల్లగా పడుతుంది. యార్డు డాక్టరేమో బీడీలు మానెయ్యమన్నాడు. జగ్గారావు జన్మలో బీడీ ముట్టలేదు.

అందుకే రోజారమణి అనే కాలేజీ అమ్మాయి అగ్గిపెట్టెంత మిషను తెచ్చి కాలరుకి తగిలిస్తే కాదనలేదు. పీల్చే గాలిలో దుమ్మెంతో అది కొలుస్తుంది. పచ్చ లైటు వెలిగితే పర్లేదు, ఎరుపైతే ప్రమాదం. ఆరు రోజుల రీడింగులు తెస్తే, శనివారం మీటింగులో అతనికి దుమ్ము లేని గేటు డ్యూటీ అడుగుతామని యూనియన్ వాళ్లు మాటిచ్చారు.

ఐదు రోజులూ లైటు పచ్చగానే వెలిగింది. దగ్గు మాత్రం పెరిగింది. మంచి గాలంతా నువ్వొక్కడివే పీల్చేస్తున్నావని తోటివాళ్లు ఏడిపించారు.

గురువారం సాయంత్రం రోజారమణి ఇంటికొచ్చి, మిషను చూసి తల పట్టుకుంది. దానికి పాలిథిన్ కవరు తొడిగి, రబ్బరు బ్యాండు బిగించి ఉంది. టీవీ రిమోటుకి తొడిగినట్టే జగ్గారావు భార్య గౌరీశ్వరి తొడిగింది.

"కొత్త సామాను గదమ్మా, మసైపోద్దనీ..." అంది గౌరీశ్వరి, మొహం పాలిపోయి.

ఐదు రోజులూ పోయాయి. ఇక శుక్రవారం ఒక్కటే ఉంది. ఒక్క షిఫ్టు పూర్తిగా సరైన రీడింగు వచ్చినా మీటింగులో పెట్టొచ్చంది ఆ అమ్మాయి.

శుక్రవారం కవరు లేకుండా యార్డులోకి వెళ్లాడు. పావుగంటకే ఎర్ర లైటు. సూపర్‌వైజరు కృష్ణంరాజు అది చూశాడు. కేకలెయ్యలేదు. మెత్తగా మాట్లాడాడు.

"ఇయ్యాల గేటు కాడ కూర్చోరా జగ్గా. దగ్గుతున్నావు. నీడపట్టున ఉంటావు."

ఏళ్ల తరబడి అడుగుతున్న కుర్చీ అది. కూర్చుంటే లైటు పచ్చబడుతుంది, రేపు చూపించడానికి ఏమీ ఉండదు, సోమవారం మళ్లీ పారే. కాదంటే ఆ పార కూడా ఉండకపోవచ్చు.

గేటు వైపు నాలుగడుగులు వేశాడు కూడా. దగ్గు తెర ముంచుకొచ్చింది. తగ్గేదాకా వంగి నిలబడి, వెనక్కి తిరిగాడు.

"నా పని వేగన్ కాడ గదా రాజుగారూ. రోజూ సేసే కాడే సేత్తాను."

"రేపట్నించి పన్లోకి రావా ఏటి?"

జగ్గారావు తువ్వాలు మూతికి కట్టుకున్నాడు. దాని కొస మిషను మీద పడుతుంటే తీసి మెడ వెనక దోపుకుని, పార అందుకున్నాడు.