గట్టు లేని స్నానాల గది

మా అన్నయ్య నా మీద ప్రేమతో చేసిన పనుల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది బాత్‌టబ్బు.

పన్నెండేళ్ళ కిందట కొవ్వూరులో మా పాత ఇల్లు పడగొట్టి కొత్తిల్లు కడుతున్న రోజుల్లో అన్నయ్య ఎవరిదో పెళ్ళికని విశాఖపట్నం వెళ్ళి, హోటల్లో దిగి, ఆ గదిలో టబ్బు చూశాడు. "మా చెల్లెలు ఎక్కువసేపు నిలబడలేదు కదా, ఇందులో పడుకుని హాయిగా స్నానం చేస్తుంది" అనుకున్నాడట. అంతే, వారం తిరక్కుండా రాజమండ్రిలో ఒకటి కొని, చుట్టూ గడ్డి కట్టించి, ట్రాలీ ఆటోలో బ్రిడ్జి దాటించి తెచ్చాడు. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. చూసినవాళ్ళంతా నా వైపు తిరిగి "అదృష్టవంతురాలివమ్మా" అన్నారు. నేను కూడా నవ్వాను. ఆ నవ్వే నా కొంప ముంచింది.

నాకు మూడో ఏట పోలియో వచ్చింది. ఎడమ కాలు సన్నగా ఉండిపోయింది. ఎడమ చెయ్యి మోకాలి మీద నొక్కిపెట్టి, ఒక పక్కకి వంగి నడుస్తాను. అలా నడిచే చదువుకున్నాను, హైస్కూల్లో లెక్కల టీచరు ఉద్యోగం తెచ్చుకున్నాను, ఇప్పటికీ చేస్తున్నాను. ఆరో తరగతిలో కొత్తగా చేరిన పిల్లలు నా వెనక నాలాగే వంగి నడిచి నవ్వుకుంటారు. నేను వెనక్కి తిరిగి "వంపు సరిపోలేదు, మళ్ళీ నడువు" అంటాను. ఆ తర్వాత ఆ సంవత్సరమంతా ఎవరూ అలా నడవరు.

పాత ఇంట్లో నా స్నానం నేనే చేసుకునేదాన్ని. గచ్చు నేల, చేతికందే దూరంలో సిమెంటు తొట్టి, కూర్చోవడానికి చెక్క పీట. పదో ఏట ఒక రోజు అమ్మని బయటికి పంపించి లోపల గడియ వేసుకున్నాను. అమ్మ తలుపు బాది బాది, చివరికి అలిసిపోయి వంటింట్లోకి పోయింది. ఆ రోజు నుంచి నలభై ఆరో ఏడు వచ్చేదాకా నా ఒంటి మీద ఇంకొకరు నీళ్ళు పోసింది లేదు. పెద్ద విషయం కాదని మీకు అనిపించవచ్చు. మీకు స్నానం ఎవరూ చేయించరు కాబట్టి అనిపిస్తుంది.

ఆ టబ్బు అంచు నా మోకాలి కంటే ఎత్తు. దాన్ని దాటాలంటే ఎడమ కాలిని రెండు చేతులతో ఎత్తి లోపల వెయ్యాలి. చేతులు రెండూ కాలికి ఇచ్చేస్తే ఒంటిని పట్టుకునేదెవరు? మొదటి వారంలోనే పడ్డాను. మర్నాటి నుంచి వదిన రావడం మొదలుపెట్టింది. చంకల కింద చేతులు వేసి నన్ను లోపలికి దించడం, అయ్యాక బయటికి తియ్యడం. మంచి మనిషి, ఒక్కసారీ విసుక్కోలేదు. కానీ తలుపు గడియ పన్నెండేళ్ళు అలాగే తుప్పు పట్టింది. వేసవిలో ఆవకాయ కాయలు నానబెట్టడానికీ, చుట్టాలొచ్చినప్పుడు తెచ్చిన కొరమీనులు బతికుంచడానికీ ఆ టబ్బు బాగా పనికొచ్చింది. అవి కూడా తమంతట తాము బయటికి రాలేకపోయేవి.

ఇంట్లోనూ బళ్ళోనూ నోరున్న మనిషినని నాకు పేరు. ఆ ఒక్క విషయంలో మాత్రం నోరు మూసుకున్నాను. అన్నయ్య బాధపడతాడని ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది.

ఈ ఏడు వదినకి నడుము పట్టేసింది. బరువులు ఎత్తకూడదని రాజమండ్రి డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ బరువు నేనే. ఆ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్యా వదినా ఒక ఆయాని పెట్టాలని నిర్ణయించారు. నేను వాళ్ళ ఎదురుగానే కూర్చుని పప్పన్నం కలుపుకుంటున్నాను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. రెండ్రోజుల తర్వాత ఒకావిడ వచ్చింది. నన్ను పైనుంచి కిందదాకా చూసి, వదిన వైపు తిరిగి అడిగింది.

"ఎంత బరువుంటారండి ఈవిడ?"

"యాభై నాలుగు కేజీలు" అన్నాను నేనే. "కాఫీ తాగి వెళ్ళండి. పని లేదు."

ఆవిడ తప్పేం లేదు, పాపం, ఎత్తబోయేది ఎంతుందో తెలుసుకోవాలి కదా. ఆవిడ వెళ్ళగానే అన్నయ్యతో చెప్పేశాను. ఆ టబ్బు తీయించేస్తున్నాను, నడిచి లోపలికి వెళ్ళేట్టు, కూర్చుని స్నానం చేసేట్టు షవర్ పెట్టించుకుంటున్నాను, డబ్బు నాది, మేస్త్రి నా మనిషి.

అన్నయ్య ముఖం మాడిపోయింది. "అంత ప్రేమగా తెచ్చింది పగలగొట్టడానికి నీకు చేతులెలా వస్తాయి?"

"చేతులు బాగానే వస్తాయి అన్నయ్యా. కాళ్ళతోనే ఇబ్బంది."

"నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు."

"నాకంటే ఒకటి ఎక్కువే ఉందిగా దానికి."

వదిన నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయింది. అన్నయ్య నవ్వలేదు. రెండ్రోజులు నాతో మాట్లాడకుండా, పేపరు అడ్డం పెట్టుకుని తిన్నాడు. నాకు బాధ వేసింది, అయినా వెనక్కి తగ్గలేదు. నేను అడిగింది వాడి ప్రేమ వెనక్కి తీసుకోమని కాదు. నా స్నానం నాకిమ్మని.

మేస్త్రి గారు యాభై దాటిన మనిషి, మా వీధిలో సగం ఇళ్ళు ఆయన చేతి మీద లేచినవే. నేను గ్రాఫ్ కాగితం మీద బొమ్మ వేసి చూపించాను. గది నేలా బాత్రూం నేలా గుమ్మం దగ్గర ఒకటే మట్టంలో కలవాలి, మధ్యలో గట్టు ఉండకూడదు. గోడకి రెండు స్టీలు రాడ్లు. కూర్చోవడానికి గోడలో దిగేసిన బల్ల. షవర్, కుళాయి నేను కూర్చుంటే చెయ్యి అందే ఎత్తులో. ఆ ఎత్తు కోసం కుర్చీలో కూర్చుని గోడ మీద పెన్సిలుతో గీత కూడా గీశాను.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు. "అన్నీ బాగానే ఉన్నాయండి. గట్టు లేకపోతే మాత్రం కుదరదండి. నీళ్ళు మీ మంచం కిందకొచ్చేస్తాయండి."

"మూల తూము వైపు జారేట్టు నేలకి వాటం సరిగ్గా పెడితే ఎందుకొస్తాయండి?"

"ఇన్నేళ్ళ సర్వీసులో గట్టు లేని బాత్రూం నేను కట్టలేదండి."

"ఇప్పుడు కడుదురుగాని."

"ఆయ్" అన్నాడు. మా వైపు ఆ మాటకి సరే అనీ అర్థమే, చూద్దాంలే అనీ అర్థమే.

టబ్బుని మిషన్ పెట్టి మూడు ముక్కలుగా కోశారు. అన్నయ్య ఆ రోజు ఏదో పని ఉందని పొద్దున్నే రాజమండ్రి వెళ్ళిపోయాడు. నేను బడికి సెలవు పెట్టి, కుర్చీ వేసుకుని, చివరి ముక్క బయటికి వెళ్ళేదాకా చూశాను. సంతోషంగా ఉంది. దాచుకోవడమెందుకు, చాలా సంతోషంగా ఉంది.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి గుమ్మం దగ్గర నాలుగంగుళాల గట్టు లేచి ఉంది. తడి సిమెంటు, పైన నున్నగా తాపీతో రుద్దారు కూడా.

"బాబు గారు చెప్పారండి" అన్నాడు మేస్త్రి నేల చూపులు చూస్తూ.

అన్నయ్య వెనకే నిలబడి ఉన్నాడు. "నీ మంచికే. నీళ్ళు గదిలోకొస్తే నువ్వే జారి పడతావు. నాలుగంగుళాలేగా, ఎంతని?"

"నీకు నాలుగంగుళాలు. నాకది మేడ మెట్టు. రోజుకి రెండుసార్లు, ఒళ్ళంతా తడితో, దాన్ని నువ్వు ఎక్కుతావా నేను ఎక్కాలా?" నా గొంతు బళ్ళో కంటే పెద్దగా లేచింది. "మేస్త్రి గారూ, ఆరకముందే తీసెయ్యండి."

"ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి" అని గొణిగింది వదిన. తియ్యించాను. నా ఎదురుగానే తియ్యించాను.

రెండ్రోజులకి జారని రకం టైల్స్ పరవడం అయింది. వాటం చూద్దామని మేస్త్రి లోపల బకెట్టుడు నీళ్ళు గుమ్మరించాడు. నీళ్ళు మూలనున్న తూము జాలీ వైపు కొంత దూరం వెళ్ళాయి, అక్కడ ఆగాయి, మెల్లగా వెనక్కి తిరిగాయి, గుమ్మం దాటి నా గదిలోకి వచ్చి మంచం కోడు దగ్గర నిలిచాయి.  గట్టు ఉండాల్సిందేనని అన్నయ్య, వదిన, మేస్త్రి, ముగ్గురి ముఖాల్లోనూ రాసే ఉంది.

"నే చెప్పలేదా అండి" అన్నాడు మేస్త్రి. "రసమట్టం పెట్టి చూసే పరిచానండి. వాటం సరిగ్గానే ఉంది. నీరు పల్లమెరుగు అంటారు కదండి."

"నీటికి తెలుసండి. మనకే తెలియట్లేదు."

అన్నయ్య నిట్టూర్చాడు. "సర్లే, ఇంక పంతం వద్దు. రేపు గట్టు కట్టేస్తారు. ఆ ఆయాని రమ్మని కబురు పెడతాను."

అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. ఆ గట్టు లేస్తే దాని వెనకాలే ఆయా వస్తుంది, గడియ మళ్ళీ తుప్పు పడుతుంది, ఈసారి జీవితాంతం. మోకాలి మీద చెయ్యి ఆనించి, గోడ పట్టుకుని, గుమ్మంలో ఆ తడి నేల మీదే చతికిలబడ్డాను. చీర తడిసింది. "అయ్యో, ఏంటిది?" అంది వదిన. ఇంకో బకెట్టు పొయ్యమన్నాను.

మాకు కాలవ కింద మూడెకరాలు ఉండేది. నాట్లకి ముందు దమ్ము చేసి నేల చదును చేసేటప్పుడు నాన్న నన్ను భుజం మీద ఎక్కించుకుని తీసుకెళ్ళి చేను గట్టు మీద కూర్చోబెట్టేవాడు. అన్నయ్య అప్పటికి కుర్రాడు, ఎడ్ల వెనక బురదలో ఉండేవాడు. నీళ్ళు పెట్టాక, నిలబడ్డవాళ్ళకి చేనంతా ఒకేలా కనిపిస్తుంది. కూర్చున్నవాళ్ళ కళ్ళు నీటికి దగ్గర. ఎక్కడ మెరక ఉందో అక్కడ నీరు పలచబడుతుంది, కొంచెం సందేహించి పక్కకి తిరుగుతుంది. "ఎక్కడ నిలిచిందే?" అని నాన్న అక్కణ్ణుంచి కేకేసేవాడు. నేను చెయ్యి చూపిస్తే అక్కడ రెండు పారల మట్టి లాగేవాడు. నడవలేని పిల్లని చేలోకెందుకు తెస్తావని ఎవరైనా అడిగితే, "దీని కన్ను లేకపోతే నా చేను చదును కాదు" అనేవాడు. జాలికి అన్న మాట కాదది. ఆయన జాలికి ఒక్క పార మట్టి కూడా వృథాగా లాగే రకం కాదు.

నీళ్ళు వచ్చాయి. తల పక్కకి వంచి, చెంప నేలకి దగ్గరగా పెట్టి చూశాను. గుమ్మం దగ్గర ఏ తప్పూ లేదు. మేస్త్రి అక్కడే చూస్తున్నాడు, అందుకే దొరకలేదు. నీళ్ళు జాలీకి జానెడు దూరంలో పలచబడి, ఆగి, పక్కకి తిరుగుతున్నాయి.

నా వెనక మోకాళ్ళు పటపటమన్న చప్పుడైంది. అన్నయ్య నా పక్కన గొంతుకూర్చున్నాడు. పంచె తడుస్తున్నా చూసుకోలేదు. కాసేపు నీళ్ళ వంక చూశాడు. వాడికేం కనపడలేదని నాకు తెలుసు, వాడికి ఎప్పుడూ కనపడేది కాదు.

"ఎక్కడ నిలిచిందే?" అన్నాడు నెమ్మదిగా.

 నేను చెయ్యి చూపించాను. వదిన అందించిన నా చేతిసంచిలోంచి, బడి కోసం ఎప్పుడూ ఉండే సుద్దముక్క తీసి ఇస్తే, వాడే లోపలికి వెళ్ళి నేను చూపించిన రెండు టైల్స్ చుట్టూ గీత గీశాడు.

"ఈ రెండూ తియ్యండి మేస్త్రి గారూ" అన్నాడు.

మేస్త్రి ఆ రెండిటి మీదా మళ్ళీ రసమట్టం పెట్టాడు. లోపలి గాలి బుడగ వెంట్రుకవాసి జాలీ వైపుకి, అంటే మెరక వైపుకి, జరిగి ఉంది. ఆయన చాలాసేపు దాన్నే చూసి, ఉలి తీసుకున్నాడు. సాయంత్రానికి రెండూ తీసి, కింద సిమెంటు చెక్కి, మళ్ళీ పరిచాడు. వెళ్తూ వెళ్తూ నా గ్రాఫ్ కాగితం తను ఉంచుకోవచ్చా అని అడిగాడు. ఉంచుకోమన్నాను.

అంతా ఆరడానికి ఐదు రోజులు ఆగమన్నారు, ఆగాను. ఆరో రోజు పొద్దున్న తువ్వాలు భుజాన వేసుకుని నా గదిలోంచి బాత్రూం వైపు నడిచాను. అప్పటికే వదిన గుమ్మానికి అడ్డంగా, గది వైపు, పాత పంచె ఒకటి మడతలు పెట్టి పరిచి ఉంచింది. నీళ్ళు వస్తే ఆపడానికట.

"గడియ మాత్రం వెయ్యకు అమ్మాయ్. పడితే మేమెలా రావాలి?"

"పడితే కేకేస్తాను వదినా. అప్పుడు తలుపు పగలగొట్టండి."

గడియ వేశాను. తుప్పుకి మొరాయించింది, రెండు చేతులతో నెట్టాను. రాడ్డు పట్టుకుని బల్ల మీద కూర్చుని, చెయ్యి చాపి కుళాయి తిప్పాను. చేతికి అందింది. తల మీద నీళ్ళు పడ్డాయి, నేను ఎంతసేపు కావాలంటే అంతసేపు పడ్డాయి. కుంకుడుకాయ రసంతో తల రుద్దుకున్నాను. పాత ఇంట్లో పాడుకున్నట్టు పాడాను కూడా, ఒళ్ళు దాచుకోనక్కర్లేని చోట శ్రుతి ఎవడికి కావాలి? బయట ఇద్దరూ నిలబడి ఉన్నారని తలుపు కింద నీడల్ని బట్టి తెలుస్తూనే ఉంది. నిలబడనీ అనుకుని ఇంకో పది నిమిషాలు కూర్చున్నాను.

బట్టలు కట్టుకుని, గడియ తీసి, గుమ్మం దాటి వచ్చాను. వంగి నడిచే మనిషిని కదా, కింద పరిచిన పంచె తియ్యడానికి నేను పెద్దగా వంగనక్కర్లేదు. ఒక్క చేత్తో తీసి వదిన చేతిలో పెట్టాను.

"ఉతకక్కర్లేదు వదినా, పొడిగానే ఉంది."