లాభంలో ఎక్కిన లారీ

పెట్రోలు ఇంజను మంచిదా, డీజిలు ఇంజను మంచిదా అని ఎవరైనా అడిగితే నేను ముందు రెండు ప్రశ్నలు వేస్తాను. బండి ఖాళీదా, నిండుదా? ముందర ఎడ్లబండ్లు ఉన్నాయా, లేవా? ఈ రెండూ తెలుసుకోకుండా జవాబు చెప్పడం తూకంరాయి లేకుండా బెల్లం తూచడం లాంటిది. నాకు స్టీరింగు పట్టడం రాదు. అయినా ఈ విషయంలో మాట్లాడే హక్కు ఉందనే అనుకుంటాను. మేము చూసింది ఒకే లారీ, ఒకే డ్రైవరు, ఒకే బాట, ఒకే చెరుకు. మారింది ఇంజను ఒక్కటే. పోల్చి చూడడానికి అంత శుద్ధమైన లెక్క నాకు మళ్లీ దొరకలేదు.

లారీ మా బావది, అంటే మా అక్క భర్తది. యుద్ధం ముగిశాక వేలంలో అమ్మిన మిలిటరీ బండి, చేతులు మారి మారి మోస్రా చేరింది. చెరుకు కాలంలో మా చుట్టుపక్కల పొలాల చెరుకును బోధన్‌లో ఫ్యాక్టరీకి చేర్చేది. ఏ పొలంలో ఎంత కోశారు, ఏ ట్రిప్పులో ఎంత పోయింది అన్నది చూసుకునే మున్షీ పని నాది. నాది వానాకాలం చదువు. కూడికలు, తీసివేతలు బడిలో వచ్చాయి. మిగతాదంతా కల్లంలో వడ్లు కొలిచే చోటా, కాటా దగ్గరా నిలబడి పట్టుకున్నదే.

డ్రైవరు బోధన్ మనిషి, యాభై దాటినవాడు. అందరూ చాచా అనే పిలిచేవారు. లారీ మోస్రాకు వచ్చిన నాటి నుంచి ఆ సీటు ఆయనదే. పెట్రోలు ఇంజను ఉన్నంత కాలం ఆయన కూనిరాగం తీస్తే పక్కనున్న నాకు స్పష్టంగా వినబడేది. కాలు ఆనిస్తే చాలు, బండి దూకేది. ఖాళీగా తిరిగి వచ్చేటప్పుడైతే గుర్రమే. నిండు బరువుతో ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడే దాని గుట్టు బయటపడేది.

వర్ని దాటాక ఒక కాలువ వంతెన ఉంది. అక్కడ బాట ఒక్కసారిగా పైకి లేస్తుంది. చాచా దూరం నుంచే హారను కొడుతూ, బండ్లవాళ్లను పక్కకు జరుపుతూ, దౌడు మీద వచ్చి ఆ ఊపులోనే ఎక్కించేవాడు. ముందు ఎడ్లబండ్లు వరుసగా ఎక్కుతుంటే మాత్రం, అవి అవతలికి దిగేదాకా కింద ఆగి బీడీ ముట్టించేవాడు. ఊపు లేకపోతే ఆ ఇంజను నడుమ ఎత్తులో ఆగిపోయేది.

దాని పెట్రోలు తాగుడు భరించలేక ఒక ఏడు కోతలకు ముందు బావ చాచాకు తోడుగా నన్నిచ్చి లారీని నిజామాబాద్ పంపి డీజిలు ఇంజను పెట్టించాడు. మిస్త్రీ చెప్పవలసినవన్నీ చెప్పాడు, చాచా అన్నింటికీ తల ఊపాడు. బండితో బోధన్ వచ్చి, చాయ్ హోటలు ముందు ఆపి, చాబీ తీసి జేబులో వేసుకుని దిగాడు. ఇంజను దడదడమంటూనే ఉంది. చాచా వెనక్కి తిరిగాడు. జేబులోంచి చాబీ తీసి దాన్నీ, బండినీ మార్చి మార్చి చూశాడు.

"అరె! చాబీ తీసినా సావది గిది!"

హోటలు బెంచీ మీద ఉన్నవాళ్లు ఊరుకుంటారా?

"జిన్ను వట్టింది చాచా. ఇంజనుకు తాయెత్తు గట్టియ్యి!"

డీజిలును ఆపాలంటే చాబీతో పని కాదు, దానికి వేరే తీగ లాగాలని మిస్త్రీ చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది మా ఇద్దరికీ.

ఆ రోజు నుంచి చాచా కూనిరాగం నాకు వినబడలేదు. పెదవులు కదలడం మాత్రం కనబడేది. నేను పెన్సిలుతో సున్నా చుడితే అది మెంతికూర కట్టలా వచ్చేది, అంత వణుకు. పెట్రోలులా ఇది దూకదు. ఎంత తొక్కినా, ఇంతకంటే ఉరకను అని ఒక చోట తేల్చి చెప్పేస్తుంది. గేరు మార్చినప్పుడల్లా ఎవరో నిద్రలో పళ్లు కొరికినట్టు గరగరమనేది.

మొదటి నిండు ట్రిప్పులోనే వంతెన దగ్గర పరువు పోయింది. చాచా పాత పద్ధతిలోనే హారను కొడుతూ ఉరికించాడు. సగం ఎత్తులో ఇంజను గొంతు దిగిపోయింది. చిన్న గేరుకు చెయ్యి వేసేసరికి ఆలస్యమైంది. గేరు పడలేదు, బండి ఆగింది. మేము దిగి చక్రాల వెనక రాళ్లు పెట్టాం. వెనక బండ్లన్నీ నిలిచిపోయాయి. ఒక బండి రైతు తన ఎద్దు మెడ నిమురుతూ అన్నాడు.

"ఓ చాచా, నా ఎర్రెద్దును గట్టుకుంటవా? గడ్డి తప్ప ఏమడుగదు, డీజిలు గూడ వద్దు దానికి!"

సగం చెరుకు బాట పక్కన దించితే గాని లారీ పైకి ఎక్కలేదు. సాయంత్రానికి కబురు బావకు చేరింది.

"చాచా, రేపు నేనే వంతెన కాడ నిలవడి సూస్త" అన్నాడు. "ఎక్కిచ్చినవా, నీ సీటు నీదే. ఎక్కకుంటే నాందేడ్ దిక్కు డీజిలు బండ్లు నడిపినాయన ఉన్నడు, పిలుస్త. ఫ్యాక్టరీ మన కోసం ఆగుతదా మరి?"

చుట్టుపక్కల పెట్రోలు లారీలన్నీ ఒక్కొక్కటిగా డీజిలుకు మారుతున్నాయి. డీజిలు రాదని ఈ సీటు పోతే చాచాకు ఇంకొకరు సీటు ఇవ్వరు.

మర్నాడు పొద్దున ఖాళీ బండి తీసేముందు నన్ను పిలిచాడు.

"మున్షీ సాబ్, జర పక్కన కూసో. గేరుకు గేరుకు నడుమ నేను తొందర వడుతున్ననా, ఆలస్యం జేస్తున్ననా, నువ్వే జెప్పు. లెక్కల మనిషివి గదా!"

చెవి పెట్టి విన్నాను. పెట్రోలు ఇంజను కాలు తీయగానే చప్పున సద్దుమణిగేది. ఈ డీజిలు బరువైన ఇంజను, మెల్లగా సద్దుమణుగుతుంది. చాచా చెయ్యి మాత్రం పాత వేగంతోనే గేరు మీద పడుతోంది. నడుమ కాస్త ఆగాలి. ఎంత ఆగాలో తేల్చడానికి నాకు తెలిసిన పద్ధతి ఒక్కటే. కల్లంలో వడ్లు కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని మేము ఒకటి అనం, లాభం అంటాం. లాభం, రెండు, మూడు, ఇలా సాగుతుంది. నా నోటికి అదే వచ్చింది.

"లాభం... రెండు!"

"వడ్లు గొలుస్తున్నమా మున్షీ సాబ్, లారీ నడుపుతున్నమా?"

"లాభం అన్నప్పుడు ఆగు చాచా. రెండు అంటె గేరెయ్యి."

వేశాడు. గేరు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. చాచా నా వైపు చూసి, మళ్లీ కిందికి పైకి మార్చి చూశాడు. పొలం చేరేసరికి ఆయనే లాభం, రెండు అని పైకి అనుకుంటూ నడుపుతున్నాడు.

చెరుకు నింపుకుని తిరిగి వంతెన దగ్గరికి వచ్చేసరికి ముందర ఎడ్లబండ్లు, వెనక ఎడ్లబండ్లు. దౌడుకు చోటు లేదు, ఆగడానికీ లేదు. పైన సైకిలు పట్టుకుని బావ. మా ముందరి బండి నిన్నటి ఎర్రెద్దుదే.

"ఏం చాచా, రాళ్లు తెచ్చుకున్నవా?" అన్నాడు ఆ రైతు వెనక్కి తిరిగి.

"నువ్వు నీ ఎద్దు తోక సూసుకో పోవయ్య!"

మాట గట్టిగానే వచ్చింది, నుదుట చెమట మాత్రం దాగలేదు. మూడో గేరు నుంచి రెండోదానికి మారుస్తాడని నాకు తెలుసు. ఆగే లెక్క మరిచిపోతాడేమోనన్న భయంతో నేను గట్టిగా అరిచాను.

"లాభం!"

చాచా రెండో గేరు జోలికి పోలేదు. బండి దాదాపు ఆగేదాకా ఉండి, తిన్నగా మొదటి గేరు వేసేశాడు. ఇక అయిపోయింది అనుకున్నాను. రాళ్ల కోసం బాట పక్కకు చూస్తున్నాను. ఇంజను ఆగలేదు. గొంతు దించుకుని, ఎర్రెద్దు వెనకే, ఎద్దు అడుగు వేస్తే తానూ అడుగు వేస్తూ ఎక్కసాగింది. ఎద్దు నిదానిస్తే తానూ నిదానించింది. పెట్రోలు ఇంజనైతే అంత మెల్లగా, అంత బరువుతో మూడు గజాలు కూడా పోయేది కాదు.

"పెట్రోలుది దౌడు మున్షీ సాబ్" అన్నాడు చాచా, పెడలు మీద కాలు తేలికగా ఆనించి. "దీనిది దమ్ము. దీన్ని ఉరికియ్యద్దు, నడిపియ్యాలె." తర్వాత నా వైపు తిరిగాడు. "గానీ ఫస్టు గేరే ఎయ్యాలని నీకెట్ల ఎరుక?"

"నేను గేరు చెప్పలే చాచా. లెక్క మొదలువెట్టిన!"

"లాభమంటె ఒకటి గాదా?"

"ఒకటే..."

చాచా స్టీరింగు మీద వాలిపోయి నవ్వాడు. లారీ మాత్రం మా నవ్వుతో సంబంధం లేకుండా పైకి చేరింది. బావ సైకిలు పడేసి పరిగెత్తుకొచ్చి తలుపు పట్టుకున్నాడు.

"ఎట్ల ఎక్కిచ్చినవ్ చాచా?"

"లాభంల ఎక్కిచ్చిన పటేలా."

బావకు ఏం అర్థమైందో గాని, ఆ మాట వినగానే ముఖం వెలిగింది.

"లాభంల ఎక్కినంక ఇంకేం గావాలె! నాందేడాయనకు కబురు వెట్ట తియ్. దిగుండ్రి, చాయ్ తాగుదాం."

వంతెన అవతలి చాయ్ దుకాణం పక్కన చాచా బండి ఆపాడు. చాబీ తీసి, దర్జాగా జేబులో వేసుకుని, దిగి నడిచాడు. వెనక దడదడ.

"చాచా, ఇంజను!" అన్నాడు బావ.

"ఉండనియ్ పటేలా. గది గూడ జర సంబురపడనియ్."

అలా అంటూనే చాచా బండి వైపు తిరిగి వెళ్లి, తలుపులోంచి చెయ్యి పెట్టి తీగ లాగాడు.